మూడు సూదులు

హాస్టలు,
జూన్ 15, ఆదివారం

పిన్నికి,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. నువ్వూ నాన్నా అక్కడ క్షేమమని తలుస్తాను. ఎవరికి రాసినా ముందు క్షేమసమాచారాలు, తర్వాతే తగాదాలు అని నువ్వే అనేదానివి. ఫోను నువ్వెత్తితే "నాన్నకివ్వు" అని తప్ప రెండో మాట అనని పిల్ల ఉత్తరం రాసిందేమిటా అని కంగారు పడకు. డబ్బు కోసం కాదు. జ్వరమూ లేదు.

నర్సింగ్ స్కూల్లో సీటొచ్చిన సంగతి నాన్న చెప్పే ఉంటాడు. డిగ్రీ చదివి, రెండు ఉద్యోగాలు వదిలేసి, మళ్ళీ బడికి పోతోందని నవ్వుకున్నారట. నవ్వుకోండి. చేరే ముందు ఒళ్ళంతా పరీక్ష చేయించుకోవాలి, టీకాలన్నీ పడ్డాయని రుజువు చూపాలి. లేకపోతే వార్డులో అడుగు పెట్టనివ్వరు.

పరీక్ష సగం తమాషాగానే నడిచింది. డాక్టరమ్మ నాకంటే పొట్టి, నా ఎత్తు చూడ్డానికి స్టూలెక్కింది. మోకాలి కింద చిన్న సుత్తితో తడితే, నన్నడక్కుండానే కాలు ఎగిరి తన్నింది. స్టెతస్కోపు నా చెవులకే తగిలించి వినమంది. లోపల ఎవరో ఆగకుండా మెట్లు దిగుతున్న చప్పుడు. ఇన్నాళ్ళూ ఈ ఒంటికి నేనే యజమానిననుకున్నాను. నాకు చెప్పకుండా ఇంత సంసారం నడుపుకుంటోందని తెలియదు.

టీకాల కార్డేదీ అని అడిగింది. లేదన్నాను. నాన్న కరెంటు టవర్లు కట్టేవాడనీ, లైను ఎటు సాగితే మా డేరా అటు సాగేదనీ, అమ్మ పోయాక ఏ కాగితం ఎక్కడ పోయిందో ఎవరికీ తెలియదనీ చెప్పాను. రక్తం తీసుకున్నారు. గొట్టంలోకి అది నల్లగా, తీరుబడిగా ఎక్కుతుంటే తల తిప్పుకోకుండా చూశాను.

వారం తిరక్కుండానే పిలిచారు. కొన్ని జబ్బుల విషయంలో, జబ్బు చేసి తగ్గినా టీకా పడినా రక్తంలో ఒకటే గుర్తట. కాలేయాన్ని పాడుచేసి కామెర్లు తెచ్చేది ఒకటుంది, దాని సంగతి మాత్రం విడిగా తెలుస్తుందట. నా రక్తంలో ఆ జబ్బు అడుగు పెట్టిన జాడ లేదు. దాన్ని రానివ్వని కాపలా మాత్రం ఉంది. అది టీకా వల్ల తప్ప రాదు.

"ఒక్క సూదితో పోయేది కాదమ్మా ఇది. మూడు వెయ్యాలి, ఆరు నెలలు తిరగాలి. నువ్వేమో ఊరూరూ తిరిగామంటున్నావు. మరి నిన్నెవరు తిప్పారు?" అంది డాక్టరమ్మ.

బయటికొచ్చేశాను. మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోను చేశాను. ఎత్తింది నువ్వే. అలవాటు కొద్దీ నాన్నకివ్వమన్నాను.

"ఏ సూదో నాకేం తెలుసమ్మా. నేనెప్పుడూ టవర్ల పైనే కదా. కింద సంగతులన్నీ మీ పిన్నివి" అన్నాడు నాన్న. లైను చాలా దూరం కదిలాక ఒకసారి నువ్వు నన్ను చంకనేసుకుని, తీగచుట్టలు దించి ఖాళీగా పోతున్న లారీలో వెనక్కి వెళ్ళావని చెప్పాడు. ఎందుకే అంటే, రమ్మన్న తేదీ దాటిపోతుందన్నావట. "అప్పటికి మనింటికొచ్చి ఏడాది కాలేదు దానికి. ఇప్పటి నీకంటే చిన్నది."

నాకొక జ్ఞాపకం ఉంది పిన్నీ, నీకెప్పుడూ చెప్పలేదు. నువ్వు నన్ను ఒళ్ళో అదిమిపట్టావు. నీ మోచెయ్యి నా గుండెల మీద. నేను గుక్కపట్టి ఏడుస్తున్నా వదలవు. పిన్నంటే అదే అనుకుని పెరిగాను. సవతితల్లి బుద్ధులని స్నేహితులకు కథలుగా కూడా చెప్పాను.

నిన్న దాన్నే మళ్ళీ తలుచుకున్నాను, మెల్లగా, పాత పెట్టె మూత తీస్తున్నట్టు. నీ వెనక గోడ పచ్చగా ఉంది. ఇంకోసారీ అదే పచ్చగోడ, కానీ నీ చీర వేరు, చీర నిండా లారీ దుమ్ము. మూడోసారి గోడే లేదు, మా డేరా గుడ్డ; నర్సునే అక్కడికి పిలిపించినట్టున్నావు. ఒక్క రోజనుకున్నది మూడు రోజులు. మూడింటిలోనూ స్పిరిట్ వాసన. మూడింటిలోనూ నీ ముఖం ఉంది, ఇన్నేళ్ళలో నేనెన్నడూ తలెత్తి చూడలేదు. నువ్వూ ఏడుస్తున్నావు.

నేను నిన్ను తిట్టుకుంటూ నిద్రపోయిన రోజుల్లో కూడా నువ్వు పెట్టిన కాపలా నా నరాల్లో తిరుగుతూనే ఉందన్నమాట. ఇది రాస్తుంటే నా మణికట్టు వంక చూడాలంటే భయంగా ఉంది, గుళ్ళోకి చెప్పులతో వెళ్ళినట్టు.

ఉంటాను.

ఇట్లు,
నువ్వు మొండిఘటం అని పిలిచే
నేను

తా.క. ఇది రాయకుండానే కవరు అంటించేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. అసలు రక్తపరీక్ష అక్కర్లేదు. కార్డు లేకపోతే టీకాలు మళ్ళీ వేసేస్తాం, నష్టమేమీ లేదని డాక్టరమ్మ మొదటే అంది. పరీక్షే కావాలని పట్టుబట్టింది నేను. ఒక్క టీకా కూడా పడలేదని తేలుతుందనీ, నన్నెవరూ పట్టించుకోలేదని ఆ కాగితమే చెబుతుందనీ, దాన్ని నీకు పోస్టులో పంపాలనీ. ఫలితం రాకముందే కవరు కొని నీ పేరు రాసి పెట్టుకున్నాను. ఇది ఆ కవరే. పైన అక్షరాలు కాగితం చిరిగేలా ఎందుకు నొక్కి ఉన్నాయో అనుకుని ఉంటావు.