మీ కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్టు

ఏవండీ,

ఈ ఏడు మీ బృందం కచేరీకి నేనొక్కదాన్నే వెళ్ళాను. మీరుండగా ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. హిందువులమై ఉండి ఏసుక్రీస్తు కథాగానం పాడటమేమిటని నా అనుమానం. ప్రతి గురువారం రిహార్సల్‌కని హౌగాంగ్‌లో మనింటి నుంచి సెంటు పూసుకుని మరీ రైలెక్కడం మీద ఇంకా పెద్ద అనుమానం.

మీరు నవ్వేవారు. "లండన్‌లో మొదట పాడినప్పుడు వాళ్ళూ నీలాగే అన్నారోయ్! దేవుడి మాటలు నాటకశాలలో, నటీమణుల నోటా అని. ఆ తరవాత వాళ్ళే అనాథ పిల్లల కోసం ఏటేటా పాడించుకున్నారు" అనేవారు. అందులో హల్లెలూయా పాట దగ్గర ఎవరో రాజు లేచి నిలబడ్డాడనీ, అందుకే నేటికీ అందరూ లేస్తారనీ చెప్పేవారు. కాలు తిమ్మిరెక్కి లేచాడేమో, ఎవరు చూశారు?

నిన్న వేదిక మీద వెనక వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. హాకర్ సెంటర్లో తిండి తెచ్చుకునేలోగా టేబుల్ పట్టుకున్నట్టు దాని మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టారు. మీ చోటు ఎవడో కొట్టేశాడనుకున్నాను. విరామంలో, మీ పక్కన పాడే మలేసియా సూర్యం గారిని నిలదీశాను.

"సార్‌కి సీటు చోప్ చేసి పట్టి పెట్టినాం లా, అక్కా. వేరేవాళ్ళు కూర్చోకూడదు కదా."

ఎవరు పెట్టారంటే మాత్రం నసిగారు. గులాబీ పూల ప్యాకెట్టది, మగవాళ్ళు కొనే రకం కాదు.

హల్లెలూయా మొదలవగానే హాలంతా లేచింది. నేను లేవలేదు. రాజు కథ నమ్మక కాదు. మిమ్మల్ని ఒక్కరినీ కూర్చోబెట్టి నేనెలా లేస్తాను?