అడుగు గిన్నెలో ఇరవై ఎనిమిది రోజులు

విరుదునగర్,
సెప్టెంబర్ 17.

అత్తకు, నీ బృంద నమస్కారాలు. క్షేమమా అని అడగడం లేదు. నీ క్షేమం ఎంతమాత్రమో నిన్న డాక్టరమ్మ నోటితోనే విన్నాను.

నిన్న నువ్వు విరుదునగర్ వచ్చింది నన్ను చూసిపోవడానికి అని ఇంట్లో చెప్పావు. సరే, అలాగే ఉండనీ. ఫోన్లో మాట్లాడదామంటే మామ ‘స్పీకర్ పెట్టు, నేనూ వింటా’ అంటాడు. అందుకే ఈ ఉత్తరం. మన ఇంట్లో అందరం తెలుగు మాట్లాడతాం గానీ చదవగలిగింది మనిద్దరమే. తాత తన పాటల నోటుబుక్కు ముందు పెట్టి నీకు నేర్పాడు, నువ్వు నాకు నేర్పావు. ఇది మామ చేతికి చిక్కినా ఆయనకు చీమల బారు.

డాక్టరమ్మ చెబుతున్నంతసేపూ నువ్వు ఆమె గాజులు చూస్తూ కూర్చున్నావు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. నీ బొడ్డు పక్కన ఉబ్బినది గాలి కాదు, హెర్నియా. ఆపరేషన్ చెయ్యాలి. నీ బరువు ఎనభై ఒక్క కిలో. అక్టోబర్ 18కి డెబ్బై ఎనిమిదికి దిగితేనే చేస్తుందట, లేకపోతే కుట్లు నిలవవట. అప్పటికి దిగకపోతే ఇక జనవరి. ఈలోగా పేగు మెలిపడితే ప్రాణానికే ముప్పు. నడవాలి, బరువు ఎత్తకూడదు, నూనె తగ్గించాలి. మా అమ్మ కూడా ‘దీపావళి పోనీ, చూపించుకుంటా’ అంది. దీపావళి పోయింది, అమ్మా పోయింది. నాకు మిగిలింది నువ్వే అత్తా.

మామకు ముందురోజు చెబుదాం అన్నావు, ఒప్పుకుంటున్నాను. తన తమ్ముడు ఆస్పత్రికి నడిచిపోయి శవంగా వ్యానులో తిరిగొచ్చినప్పటి నుంచి మామ ఆ మాట వింటేనే కూలబడిపోతాడు.

నీ కోసం డైట్ భోజనం కొన్నాను. ఇరవై ఎనిమిది రోజులు, రోజుకు మూడు పొట్లాలు, వేణ్ణీళ్ళు పోస్తే చాలు. రోజూ పొద్దున మామ నా క్యారియర్‌ను టీవీఎస్ బండి మీద పెద్దరోడ్డు మలుపు దాకా తెచ్చి, రాజాత్తి టీకొట్టు దగ్గర బస్సు కండక్టర్ ఆండికి ఇస్తాడు కదా. సాయంత్రం ఖాళీ గిన్నెలు తిరిగొస్తాయి. ఇకమీదట అడుగు గిన్నె ఖాళీగా రాదు. నీ జవాబూ అందులోనే పంపు.

ఇట్లు, నిద్ర పట్టని
బృంద

తా.క. పొద్దస్తమానం నూనెమిల్లు ల్యాబులో నూనె పరీక్షించే పిల్ల నూనె మానమంటోందని నవ్వకు. కల్లు గీసేవాడి మాట కన్నా కల్లు మానమనడానికి ఎవరి మాట బలం?


పురట్టాసి నెల, నాలుగో దినం.

చిరంజీవి బృందకు అత్త పొన్నుత్తాయి దీవెనలు. ఇక్కడ అందరం సుకం. వాన లేదు. మినుములు విత్తాలా వద్దా అని మీ మామ ఆకాశం చూస్తా ఉండాడు.

పొట్లాలు వచ్చె. మొదటిదానిలో వేణ్ణీళ్ళు పోస్తే పోస్టర్ అంటించే బంక మాదిరి లేచె. రెండోదానిలో టమేటా వాసన ఉంది, టమేటా లేదు. మూడోది ఏందో నాకు తెలీలా. దూడకు చూపిస్తే అది కూడా మొగం తిప్పుకునె. అయినా నువ్వు కొనిచ్చినావని పత్తిగింజల గదిలో కూచుని మూడూ తింటిని. మెతుకు విడవలా.

ఇంట్లో అనుమానం రాకూడదు కదా, అందుకని వాళ్ళ ముందర మామూలుగానే తింటా ఉండా. ఆరు ఇడ్లీలు తినే మనిసి రెంటికే చెయ్యి కడిగితే మీ మామ ఊరంతా చాటింపు వేసేస్తాడు. కాబట్టి ఆరు ఇడ్లీలు, ఆ పైన పొట్లం. మందు గదా, ఉత్త కడుపున తినకూడదు.

నువ్వు రొంబ బయపడొద్దు. వేళకు కూడు తిను.

ఇట్లు
అత్త

తా.క. రామకృష్ణన్ పత్తికొట్టులో పెద్ద కాటా ఉంది కదా, మూటలు లేని వేళ చూసి ఎక్కితిని. డెబ్బై తొమ్మిది అన్నాడు! మూడు దినాలకే రెండు కిలోలు. ఇంకొక్క కిలో. మిగతా పొట్లాలు వాళ్ళకే తిరిగి ఇచ్చేసేదానికి అవుతుందా?


విరుదునగర్,
సెప్టెంబర్ 22.

అత్తకు నమస్కారం. నమస్కారం అయిపోయింది, ఇక కోపం.

పొట్లం మందు కాదు అత్తా, అదే భోజనం! ఇడ్లీకి బదులు పొట్లం. ఇడ్లీ తర్వాత పొట్లం కాదు. నువ్వు ఇప్పుడు రోజుకు ఆరుసార్లు తింటున్నావు. అలా తింటే డెబ్బై తొమ్మిదికి ఎలా దిగావో నాకు అర్థం కావడం లేదు. రామకృష్ణన్‌ను గట్టిగా అడుగు.

దీనికొక దారి ఆలోచించాను. ఇది పురట్టాసి, పెరుమాళ్ళ నెల కదా. ‘స్వామికి మొక్కుకున్నాను, నెలంతా ఉపవాసం’ అని చెప్పు. దేవుడి పేరు చెబితే మామ నోరెత్తడు. అప్పుడు ఎవరి ముందూ తినక్కర్లేదు, పత్తిగింజల గదిలో పొట్లాలు మాత్రం తిను.

ల్యాబులో నిన్న ఒకే నూనెను మూడుసార్లు పరీక్షించి మూడు జవాబులు రాశాను. మేనేజరు ‘ఏం పాపా, ఎవరైనా అబ్బాయా’ అన్నాడు. ‘అత్త బొడ్డు సార్’ అని ఎలా చెప్పను?

ఇట్లు
బృంద

తా.క. నా క్యారియర్‌లో పది ఇడ్లీలు ఎందుకొస్తున్నాయి? ఆండి దాన్ని దించుతూ ‘లోపల రుబ్బురోలు పెట్టినారా పాపా’ అని అడుగుతున్నాడు.


పురట్టాసి రెండో శనివారం.

చిరంజీవి బృందకు అత్త దీవెనలు.

నువ్వు చెప్పినట్టే మొక్కు అని చెప్తిని. మీ మామ తల ఊపి బయటికి పోయె. అర్ధగంటలో వీధంతా తెలిసిపోయె.

ఉపవాసం ఉండే మనిసి ఉత్త కడుపున ఉండకూడదని పక్కింటి పాండియమ్మాళ్ కరుపట్టి బెల్లం పాలు తెచ్చె. చెంబు నిండా. ఎదురింటివాళ్ళు చక్కెర పొంగలి తెచ్చిరి, ప్రసాదం, కాదంటే పాపం. మూలింటివాళ్ళు కోవిల్‌పట్టి కడలమిట్టాయి తెచ్చిరి, అది బియ్యం కాదంట, చెనక్కాయలు, బెల్లమే అంట, ఉపవాసానికి చెల్లుతుందంట. వడలు కూడా చెల్లుతాయంట, పప్పే కదా. నా పెండ్లిలో కూడా నేను ఇంత తినలా బృందా.

రామకృష్ణన్‌ను అడిగితిని. నలభై ఏండ్లుగా ప్రతి మూటకూ రెండు కిలోలు తరుగు తీసేది ఆయనకు అలవాటంట. గోనెకు ఒకటి, తేమకు ఒకటి. నాకూ అట్లే తీసినాడు. తరుగు లేకుండా చూడప్పా అంటే, నిన్న చూసినాడు. ఎనభై రెండు.

నువ్వు అరవొద్దు. ఆ అరిచేదంతా నేనే అరుచుకుంటిని.

ఇట్లు
అత్త

తా.క. నా కర్మ ఇంకోటి విను. మీ మామ టీవీఎస్ అయిదు దినాలుగా లేవలా. బాగు చేయించమంటే ‘సామాను దొరకలా’ అంటాడు. క్యారియర్ ఆయనే మోస్తాడు, కానీ కండ్లు మసకంట, బస్సు బోర్డు కనపడదంట, నువ్వొచ్చి చూసి చెప్పు అంటాడు. పొద్దున ఒకతూరి, సాయంత్రం ఒకతూరి, పోయేదానికి కిలోమీటరున్నర, వచ్చేదానికి కిలోమీటరున్నర. బోర్డు చదివేదానికి పెండ్లాం!


విరుదునగర్,
అక్టోబర్ 1.

అత్తకు బృంద నమస్కారాలు.

ఎనభై రెండు! అంటే నేను నా సంపాదన పోసి నీకు ఒక కిలో కొనిచ్చాను.

ఆ కంపెనీకి ఫోన్ చేశాను. ‘మా అత్త మీ భోజనం తిని లావయింది’ అన్నాను. ‘ఇంకేమైనా తీసుకుంటున్నారా మేడమ్’ అని అడిగింది ఫోనెత్తిన అమ్మాయి. ‘ఉపవాసం ఉంటోంది’ అన్నాను. ‘మేడమ్, మా పొట్లాలు తినడం వల్ల తగ్గరు, మిగతావి తినకపోవడం వల్ల తగ్గుతారు’ అంది. ‘దానికి నీ పొట్లాలెందుకమ్మా’ అన్నాను. కోపంగా కాదు అత్తా, నిజంగానే తెలుసుకోవాలని అడిగాను. ‘నువ్వు అవి తింటావా’ అని కూడా అడిగాను. ‘నాకు ఇంటినుంచి పులిహోర వస్తుంది మేడమ్’ అంది.

ఇంక పదిహేడు రోజులే. జనవరి అన్న మాట తలుచుకుంటే నాకు అమ్మ దీపావళి గుర్తొస్తుంది. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఎవరు ఏం తెచ్చినా తీసుకోకు. ఇంట్లో వంటకు ఒక్క చెంచా నూనె చాలు. సాయంత్రం అన్నానికి బదులు సజ్జ అంబలి చాలు. నడక గురించి ఏడవకు, నడవమన్నది డాక్టరమ్మే.

ఇట్లు
బృంద

తా.క. నువ్వు తినగా మిగిలిన ఇడ్లీలు, పొంగలి అన్నీ నా క్యారియర్‌లోకి వస్తున్నాయని ఇప్పుడు తెలిసింది. నేను మూడు కిలోలు పెరిగాను. నీ ఒంటిలోంచి దిగాల్సినది బస్సెక్కి నా ఒంటికి వస్తోంది.

ఇంకో తా.క. మామ కంటికి చుక్కల మందు పెట్టాను. రోజుకు రెండుసార్లు.


పురట్టాసి ఇరవై రెండో దినం.

చిరంజీవి బృందకు అత్త దీవెనలు. నాకు ఈ ఇంట్లో నిమ్మది లేదు.

మీ మామకు బుద్ధి చెడింది. వాకిట్లో మంచం వేసుకుని కూచుంటాడు. ఎవరు చెంబు తెచ్చినా, ఎవరు గిన్నె తెచ్చినా, ‘ఆమెది కటినమైన మొక్కు, ఇంటి అంబలి తప్ప ముట్టకూడదు’ అని గుడికి పంపిచ్చేస్తాడు. మొక్కుకున్నది నేనా ఆయనా? పాండియమ్మాళ్ వడలు నా కండ్ల ముందరే పోయె. నూనె క్యాన్ అటకెక్కించి, ధర పెరిగిందని దినానికి ఒక్క చెంచా అంటాడు. సంపాదించేటప్పుడు లేని పిసినారితనం అరవై రెండేండ్లకు వచ్చె.

నీకు ఒక నిజం చెప్తా, తిట్టొద్దు. ఆ పొట్లాలు నేను తినేది విడిచి పది దినాలాయె. నా వల్ల కాలా. సాయంత్రం మలుపు దగ్గరే, మీ మామ చూడకుండా, రాజాత్తికి ఇచ్చేస్తా ఉండా. ఆమె దానిలో మిరియాలు, ఉప్పు వేసి సూపు అని లారీ డ్రైవర్లకు పోస్తుంది. వాళ్ళు అడిగి తాగుతా ఉండారంట. నువ్వు దినానికి ఆరు పొట్లాలుగా పంపేదానికి అవుతుందా అని రాజాత్తి అడగమనె.

బరువు చూసుకోలా. రామకృష్ణన్ మొగం చూస్తేనే బయం.

ఇట్లు
అత్త

తా.క. నా జాకెట్లు అన్నీ వదులైపోయె. ఉతికి ఉతికి గుడ్డ సాగిందేమో. ఆ అంగడిలో ఇంక కొనకూడదు.


విరుదునగర్,
అక్టోబర్ 15.

అత్తకు నమస్కారాలు.

తిట్టడానికి కూడా ఓపిక లేదు. నీ కడుపులోకి పోవాల్సిన మందులాంటి భోజనం తాగి, ఈ పక్కన లారీ డ్రైవర్లందరూ సన్నబడుతున్నారు. ఇవే ఆఖరి పొట్లాలు. ఎల్లుండి సాయంత్రం మామకు చెప్పు. ముందు కూర్చోబెట్టు. నీళ్ళు పక్కన పెట్టుకో. ‘ఆపరేషన్’ అనే మాట చివర చెప్పు. 18న పొద్దున ఏడింటి బస్సు. డెబ్బై ఎనిమిదికి దిగకపోయావంటే నేను డాక్టరమ్మ కాళ్ళ మీద పడతాను. అంతకంటే నాకు ఏమీ తోచడం లేదు.

ఇట్లు
బృంద

తా.క. రాజాత్తికి ఇవ్వకుండా ఆ ఆఖరి పొట్లాలైనా నువ్వు తాగు. నా మాట కోసం.


అక్టోబర్ 17, పొద్దున.

చిన్నపాప బృందకు మీ మామ నల్లసామి రాసేది. ముందు కూర్చో. నీళ్ళు పక్కన పెట్టుకో.

ఈ అక్షరాలు నాకు చీమల బారు కాదు. పెండ్లికి ముందు ఆరేండ్లు మీ విరుదునగర్ మిరపకాయల మండీ తరఫున గుంటూరు పోయి వస్తా ఉంటిని. అక్కడ మూట మీద రాసింది చదవలేని వాడికి తాలుకాయలు అంటగడతారు. అట్ల నేర్చుకుంటిని. మీ అత్త అడగలా, నేను చెప్పలా.

ఆ మొదటి సాయంత్రం ఖాళీ క్యారియర్ బరువుగా ఉండె. రాజాత్తి బెంచీ మీద కూచుని తెరిచి చూస్తిని. నీ ఉత్తరం చదివినాక బండి ఎక్కలేకపోతిని. తోసుకుంటా ఇంటికి వస్తిని. ఆ పొద్దు నుంచి పోయేవీ వచ్చేవీ అన్నీ చదివినా. తప్పే. ఆరు ఇడ్లీలు, ఆ పైన పొట్లం అని చదివినాక ఇది ఇట్ల కుదరదని, బండి ప్లగ్గు విప్పి జేబులో వేసుకుంటిని. ఈ పొద్దు దాకా అది నా జేబులోనే ఉంది. నా కండ్లకేమీ లేదు. నువ్వు పంపిన చుక్కలు మాత్రం దినమూ వేసుకుంటిని, మీ అత్త చూస్తుంది కదా.

నిన్న కంటి చుక్కలు కొనాలని చెప్పి కోవిల్‌పట్టికి పిలుచుకుపోయి మందులంగడి ముందర ఉండే బరువు చూసే మిషన్ ఎక్కిస్తిని. నాకు కనపడదు, నువ్వే చూడు అంటిని. డెబ్బై ఏడు ముప్పావు. ‘ఇదీ రామకృష్ణన్ మాదిరే తరుగు తీస్తుంది’ అని మీ అత్త దిగేసె. నువ్వు నమ్ము. ముప్పైరెండేండ్లుగా ఆమెను చూస్తా ఉండా, నాకు కాటా అక్కర్లేదు.

ఆ పొట్లాలకు అంత ఇచ్చింది దండగా అని నిన్ను నువ్వు తిట్టుకుంటావు. వాటిలో ఏముందో నాకు తెలీదు. అవి రాకపోతే ఉత్తరం రాదు, ఉత్తరం రాకపోతే నాకు ఆఖరి దినం దాకా తెలిసేది కాదు. నాకు దండగ కాలా.

నాకు బయం లేదని అనుకోవద్దు. తమ్ముడు పోయిన దినం నేను ఆస్పత్రిలో లేను. లోపలికి పోలేక బస్టాండులో కూచుని ఉంటిని. వాడు నన్ను అడిగినాడంట. ఈతూరి బస్టాండు వద్దు. లోపల బెంచీలో నీ పక్కన నాకొక చోటు పెట్టు. నేను లేవబోతే చొక్కా పట్టుకుని కూచోబెట్టు.

ఈ సాయంత్రం మీ అత్త నాకు చెప్తుంది. నేను కూలబడాలి, లేకపోతే ఆమెకు అనుమానం వస్తుంది. ఎక్కడ పడితే దెబ్బ తగలదో పొద్దున్నే చూసి పెట్టుకున్నా.

ఇట్లు, మీ మామ
నల్లసామి

తా.క. నాకు తెలుగు చదవొస్తుందని మీ అత్తకు చెప్పొద్దు. చెప్తే పాపం నన్ను ఎక్కడ తిట్టుకుంటుంది? ఇన్నేండ్లలో ఆమె నన్ను గురించి ఇంత దండిగా మాట్లాడింది నేను వినలా. ఆమె లేచి తిరిగినాక కూడా నువ్వు రాస్తా ఉండు, ఆమె చేత రాయిస్తా ఉండు. క్యారియర్ నేనే మోస్తా.