రెండో తాళంచెవి

అన్నయ్యకు,

"అన్నీ ఫోన్‌లోనే దొరుకుతుంటే ఇంకా బ్రోకరెందుకే, డబ్బు దండగ" అని కోప్పడ్డావుగా. నీ ఫోన్ చూపించిన ఇళ్లన్నీ ఎక్కి దిగాను. ప్రతి గుమ్మంలోనూ ఒకటే ప్రశ్న: "మీవారు రాలేదా?" విడిపోయామని చెప్పగానే ఆ ఇల్లు అప్పుడే ఎవరికో ఇచ్చేసి ఉండేది.

చివరికి బ్రోకర్ దగ్గరికెళ్లి, మావారు ఊళ్లో లేరని చెప్పమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నా ఎదుటే ఇంటివాళ్లకు ఫోన్ చేసి, "ఆవిడ ఒక్కరే ఉంటారండీ, భర్తతో విడిపోయారు. ఇష్టమైతేనే తీసుకొస్తా. మెట్లెక్కాక మొహం మాడ్చుకోకూడదు" అన్నాడు. ఇద్దరు కుదరదన్నారు. ఆ మాటలు నా బదులు ఆయనే పడ్డాడు. మూడో ఇంటావిడ "రమ్మనండి" అంది. కమీషన్ సంతోషంగా చేతిలో పెట్టాను.

ఇల్లు చిన్నదే. వంటింటి కిటికీ సరిగ్గా మూసుకోదు, అట్టముక్క దోపాను. మీ వెనకగది ఇక నాకోసం ఖాళీగా ఉంచొద్దు. "సర్దుకుపోవే" అన్న మాట కూడా నాకోసం దాచిపెట్టొద్దు.

రెండో తాళంచెవి నీకివ్వమని వదిన కబురు పెట్టింది. ఇవ్వను. నువ్వెప్పుడైనా రా అన్నయ్యా. బెల్లు కొట్టు, తలుపు నేనే తీస్తాను.

నీ చెల్లెలు