సత్యకుమారి గారి శ్రుతి, నా పన్నెండు కీలు

అక్టోబరు 6, సోమవారం. ఉదయం 5.00

నిర్ణయం తీసుకున్నాను. పన్నెండు కీలు, అంటే పన్నెండు శ్రుతులు, వాటి పన్నెండు మేజర్ స్కేళ్లు, రోజుకొకటి. ఆపైన ఎవరు ఏ కీలో పాట ఎత్తుకున్నా అప్పటికప్పుడు సొంతంగా అల్లి వాయించగలగాలి. గడువు నవంబరు 2, మా చర్చిలో కోత పండుగ. పన్నెండు రోజుల పనికి ఇరవై ఏడు రోజులున్నాయి. మిగిలిన పదిహేను రోజులూ ఏం చేసుకోవాలో తర్వాత ఆలోచిస్తాను.

కారణం కూడా రాసి పెట్టుకోవాలి. నిన్న ఆరాధన అయ్యాక డేనియల్ పాస్టరు గారు నన్ను పక్కకు పిలిచారు. ఇరవై రెండేళ్లుగా క్వయర్లో గిటారు వాయిస్తున్నాను కదా, పండుగ అయ్యాక కాస్త విశ్రాంతి తీసుకోమన్నారు. మా గోదావరి వైపు మనిషిని బయటికి పంపాలంటే ముందు కుర్చీ వేస్తారు.

సంగతేమిటంటే, మా క్వయర్లో ముందు పాడేది సత్యకుమారి టీచరు గారు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, చిన్నప్పుడు నాకూ పాఠం చెప్పారు. ఈ మధ్య ఆవిడ పాట ఒక శ్రుతిలో మొదలై ఇంకో శ్రుతిలో తేలుతోంది. కీబోర్డు వాయించే ఉదయ్‌కుమార్‌కి బాధ లేదు. బటన్ నొక్కితే కీబోర్డే శ్రుతి మార్చుకుంటుంది. నాకు వచ్చిన కీ ఒక్కటే, జి. మిగతావాటికి గిటారు మెడకు శ్రుతి పెంచే క్యాపో అనే క్లిప్పు బిగించి నెట్టుకొస్తున్నాను. నేను క్లిప్పు జరిపేసరికి ఆవిడ ఇంకెక్కడో ఉంటున్నారు. నిన్న అందరూ ఆమెన్ అన్నాక కూడా నేను వాయిస్తూనే ఉన్నాను.

5.40. సి మేజర్ పూర్తి. ఒక్క షార్పు (కాస్త పెంచిన స్వరం) కూడా లేదు. సంగీతం ఇంత తేలికని ఎవరూ చెప్పలేదే!

అక్టోబరు 7, మంగళవారం

జి. నాకు వచ్చిందే. అయినా క్రమశిక్షణ కోసం వాయించాను. స్కేలు బాగా నేర్చుకున్నాక మర్చిపోవాలట, అప్పుడే సొంతంగా అల్లడం వస్తుందట. ఫోన్లో పాఠం చెప్పే మాస్టారి మాట. అందులో మర్చిపోయే సగం నాకు పుట్టుకతోనే వచ్చు.

అక్టోబరు 8, బుధవారం

డి. షార్పులు రెండు. ఈ మెట్లెక్కడం అయ్యాక పాట ఎప్పుడొస్తుందని మా ఆవిడ ప్రసన్న అడిగింది. సంగీతానికి పునాదులు ఎందుకు ముఖ్యమో వివరించాను. ఆవిడ స్కూలుకి వెళ్లిపోయాక కూడా కాసేపు వివరించాను.

అక్టోబరు 10, శుక్రవారం

నిన్న ఏ, ఇవాళ ఇ. షార్పులు రోజుకొకటి పెరుగుతున్నాయి. చిటికెన వేలు వాచింది. గొప్ప వాద్యకారులందరికీ వాచే ఉంటుంది.

అక్టోబరు 12, ఆదివారం

చర్చిలో టీచరు గారు ఏ లో ఎత్తుకున్నారు. మొన్న నేర్చుకున్న ఏ! పల్లవికీ చరణానికీ మధ్య సొంతంగా అల్లాను. నాలుగు సెకన్లు బాగానే నడిచింది. తర్వాత ఆ స్కేల్లో లేని స్వరం ఒకటి వచ్చి కూర్చుంది. ఉదయ్‌కుమార్ నా వైపు చాలా మర్యాదగా చూశాడు. భయమేసి క్లిప్పు తీసి బిగించాను.

అక్టోబరు 16, గురువారం

బి మేజర్ ఇంకా మొదలుపెట్టలేదు. కారణాలు:

ఐస్ ఫ్యాక్టరీలో తీరిక లేదు. చుట్టుపక్కల చెరువుల్లో రొయ్యల పట్టుబడులు, పొద్దున్నే లారీలు. బిల్లులు రాసేది నేనే.

గిటారు సన్నతీగ తెగింది. భీమవరం బజారులో దొరుకుతుంది. వెళ్లాలి.

బి మేజర్లో షార్పులు ఐదు.

అక్టోబరు 19, ఆదివారం

మంచి విషయం తెలిసింది. ఎఫ్ షార్పన్నా, జిని కాస్త దించిన జి ఫ్లాటన్నా ఒకటేనట. అంటే ఒకటి నేర్చుకుంటే రెండు నేర్చుకున్నట్టు. ఆ లెక్కన నేను చాలా ముందున్నాను. కాబట్టి ఇవాళ సెలవు.

అక్టోబరు 23, గురువారం

గిటారు ముట్టుకోలేదు. కానీ మూడు గంటలు పాఠాలు చూశాను. స్కేళ్లు మనసులో కూడా సాధన చెయ్యవచ్చని ఒకాయన చెప్పాడు. మనసులో అద్భుతంగా వాయించాను.

అక్టోబరు 28, మంగళవారం

తుఫాను. కరెంటు లేదు. ఫోన్లో చార్జింగ్ లేదు కనుక పాఠం లేదు. గిటారుకి కరెంటు అక్కర్లేదు కదా అంది ప్రసన్న. కొన్ని మాటలకు జవాబివ్వకపోవడమే సంస్కారం.

నవంబరు 1, శనివారం

నేర్చుకున్నవి ఐదు. మర్చిపోయినవి నాలుగు. రేపే పండుగ.

సాయంత్రం రిహార్సల్లో మూడు పాటలకు ఐదు శ్రుతులు మారాయి. అందరూ వెళ్లాక టీచరు గారితో మాట్లాడాలనుకున్నాను. ఒకే శ్రుతిలో ఉండండి, నా పరువు పోతోందని చెప్పెయ్యాలి. ఆవిడ బెంచీ మీద కూర్చుని పాటల పుస్తకం సర్దుకుంటున్నారు. పక్కన నిలబడి రెండుసార్లు పిలిచాను. పలకలేదు. కోపమొచ్చిందేమోనని ఎదురుగా వచ్చాను. ఉలిక్కిపడ్డారు.

"ఎంతసేపైంది వచ్చి?" అన్నారు. తర్వాత నా మొహం చూసి, దాచి లాభం లేదనుకున్నారేమో, తన ఎడం పక్కన కూర్చోమన్నారు.

"కుడి చెవి పోయింది ఐజాకూ. ఏప్రిల్ నుంచి. ఎడమది సగమే పనిచేస్తోంది. ఆ కీబోర్డు కుడివైపు పెట్టారు, నాకేం వినపడదు. వినపడేది నీ గిటారొక్కటే. నువ్వేమో చరణానికోసారి ఆ క్లిప్పు జరుపుతావు. పాటకి అందంగా ఉంటుందని మారుస్తున్నావనుకుని నేనూ నీ వెనకే లాక్కొస్తున్నాను."

ఆవిడ వెనక నేను, నా వెనక ఆవిడ. ఆర్నెల్లుగా ముందెవరూ లేరు.

"ఎవరికీ చెప్పకు నాయనా. తెలిస్తే కూర్చోబెట్టేస్తారు. నాకు పాట తప్ప ఇంకేముంది?" అన్నారు.

ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించాను. పాస్టరు గారికి ఒక్క మాట చెబితే తప్పంతా ఆవిడ చెవి మీదికి పోతుంది, నా చోటు నాకు మిగులుతుంది. ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. ఆ సంగతి రాయకపోతే ఈ డైరీ ఎందుకు?

ఫోను చెయ్యలేదు.

నవంబరు 2, ఆదివారం

క్లిప్పు ఇంట్లో వదిలేసి వెళ్లాను. కుర్చీ జరిపి ఆవిడ ఎడం చెవి పక్కనే కూర్చున్నాను. అలా ఎందుకని ఎవరో అడిగితే ఫ్యాను గాలి కోసమన్నాను. ఉదయ్‌కుమార్‌కి, ఇవాళ ఏమైనా సరే జి వదలొద్దని చెప్పాను.

కొత్త వరి కంకుల గుత్తులు బల్ల ముందు పెట్టారు. నేను జి పట్టాను. ఆవిడ గొంతు వచ్చి అందులో కూర్చుంది. నాలుగు చరణాలు, ఎక్కడా కదల్లేదు. మూడో చరణం ముందు నేను ఏడు స్వరాలు సొంతంగా అల్లాను. వాటిలో ఆరు సరైనవే. ఏడోది ఆవిడ గొంతు కప్పేసింది.

తర్వాత పాస్టరు గారు వచ్చి, క్రిస్మస్ దాకా క్వయర్లో మార్పులేమీ వద్దని కమిటీ అనుకుంటోందన్నారు. విశ్రాంతి మాట ఎత్తలేదు.

నేను గర్వంగా గిటారు సంచిలో పెడుతుంటే టీచరు గారు దగ్గరికొచ్చారు. క్రిస్మస్ పాటలకు జి కుదరదట, ఈ వయసులో అంత పైకి గొంతు లేవదట. ఇ ఫ్లాట్ అయితే హాయిగా ఉంటుందన్నారు. క్లిప్పు పెట్టి లాగుదామంటే గిటారు మెడ మీద ఎనిమిదో మెట్టున బిగించాలి. అక్కడ నా గిటారు దోమలా పాడుతుంది. నేర్చుకుంటానన్నాను.

"ఎడమది ఎన్నాళ్లు ఉంటుందండీ?" అని అడిగాను.

డాక్టరు గారు చెప్పలేదన్నారు.

నవంబరు 3, సోమవారం. ఉదయం 5.00

మళ్లీ మొదలు. రోజుకొకటి, పన్నెండు కీలు. వరస ప్రకారం ఇ ఫ్లాట్ పదోది. వరస తర్వాత చూసుకోవచ్చు. ఇవాళ ఇ ఫ్లాట్. రేపూ అదే.