ఆఖరి వారం లేని పుస్తకాలు

గోదావరిఖనిలో గని టైమ్ కీపరు సామ్యేల్ గారి భార్య ఎలిజబెత్ అనే నేను, వయసు యాభై మూడు, మిషన్ బడిలో టీచరుగా చేసి జబ్బు వల్ల మానుకున్నదాన్ని, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. దవాఖానవాళ్లు మందులు మార్చడం కూడా మానేశారు. నా తెలివికి మాత్రం ఏమీ కాలేదు. అయి ఉంటే ఇంత కోపం ఉండేది కాదు.

1. దీన్ని అమలు చేసే బాధ్యత కమాన్‌పూర్‌లో ఉండే నా తమ్ముడు యోబుది. వాడికి నా పుస్తకాలంటే గిట్టదు. అయినా మాట తప్పే మనిషి కాదు.

2. స్థిరాస్తి: లేదు. ఉంటున్న క్వార్టరు కంపెనీది, ఆయన పేరు మీద ఉంది, ఆయన రిటైరైతే ఖాళీ చేయాలి. నా ఒక్కగానొక్క కూతురు సుగుణమణికి లోపల గడియ పెట్టుకునే ఒక్క గది రాసిపోవాలని నా కోరిక. నాకే లేనిదాన్ని ఎలా రాయను?

3. నా అలారం గడియారం నా భర్తకి. ఇన్నేళ్లూ మొదటి షిఫ్టుకి ఆయన్ను లేపింది అది కాదు, నేను. ఇక మీదట దానితోనే సర్దుకోవాలి.

4. మా చర్చి సంఘ పెద్దలకు ఏమీ రాయడం లేదు. మర్చిపోయి కాదు. పోయిన క్రిస్మసు ముందు సుగుణమణి కమిలిన చెంపతో కొత్తగూడెంలోని అత్తింటి నుంచి వచ్చేసింది. పెద్దలు మా వరండాలో కూర్చుని ప్రార్థన చేశారు. తర్వాత నా భర్తతో కలిసి వెళ్లి, దాన్ని మళ్లీ అల్లుడి ఇంట్లో దించి వచ్చారు. నేను వద్దని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఆ రోజు వాళ్లు తాగిన టీ నేనే పెట్టాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

5. నా ఊలు శాలువా పక్క క్వార్టరు లింగవ్వకి. బడి లేని రోజుల్లో, మగవాళ్లు గనిలోకి దిగాక, వారపత్రికల్లో ఆడవాళ్లు రాసిన సీరియళ్లు మా క్వార్టర్ల లైను ఆడవాళ్లకు చదివి వినిపించేదాన్ని. అందరికంటే ముందు కోపంతో పళ్లు కొరికేది లింగవ్వే. ఆ సీరియళ్లను వారం వారం చింపి, కుట్టి, అట్టలు వేసి దాచాను. చాలా కథల్లో నాయిక నెలల తరబడి నిప్పులు కక్కి, ఆఖరి వారం మొగుడి కాళ్ల దగ్గర కూలబడేది. ఆ ఆఖరి వారాన్ని నేను కుట్టలేదు, పొయ్యిలో పెట్టాను. ముగింపు మీరే చెప్పండి అని అడిగేదాన్ని. ఏ కథకైనా లింగవ్వ ఒకటే చెప్పేది: “ఏమైతది టీచరమ్మా, మల్ల ఆ ఇంటికే పోతది. ఇంకేడికి పోతది?” మిగతావాళ్లు తలలూపి పొయ్యిల దగ్గరికి వెళ్లిపోయేవారు.

6. ఆ పుస్తకాలున్న ట్రంకు పెట్టె సుగుణమణికి రాయాలనుకున్నాను. చిన్నప్పటి నుంచి నా పక్కన కూర్చుని అవి చదువుతూ పెరిగింది. నన్ను చూడడానికి వచ్చి ఇప్పుడు మంచం పక్కనే ఉంది. పెట్టె సంగతి చెప్తే, ఒక పుస్తకం తీసి తిప్పి మళ్లీ లోపల పెట్టేసింది. తర్వాత అన్నది: “నువ్వు గివన్ని చదివియ్యకపోతే, కొట్టిండని ఏడ్చి ఊకునేదాన్ని అమ్మా. ఇప్పుడు కోపమొస్తది. గీ కోపం పట్టుకొని నేనేడికి పోవాలె?”

ఇంతకాలం చదివిన దేనిలోనూ ఆ చోటు దొరకలేదు.

7. సాక్షి సంతకం పెట్టినవాళ్లకు వీలునామాలో రాసింది చెల్లదని ప్లీడరు గుమాస్తా సదయ్య చెప్పాడు. అది విని సుగుణమణి కలం అడిగింది, ఆ పెట్టె తనకొద్దని, సాక్షిగా తనే సంతకం పెడతానని అంది. నేను కాదనలేదు. సాయంత్రం బండికి కొత్తగూడెం వెళ్లిపోతుంది. ట్రంకు పెట్టె ఎవరికీ రాయడం లేదు.

ఇది నేను చదువుకుని, నా చేత్తో సంతకం చేసినది.

గోదావరిఖని, 18 ఆగస్టు 1976

(సంతకం) ఎలిజబెత్

సాక్షులు:
1. సదయ్య, ప్లీడరు గుమాస్తా
2. సుగుణమణి, పై ఎలిజబెత్ కూతురు