తెల్ల చీర నీలంగా ఉండే వేళ

ద్రాక్షారామం దగ్గర,
నవంబరు 12

ప్రియమైన చెల్లి వినీలకి,

ప్రభువు కృప నీకు తోడుండాలని కోరుతూ పెద్దక్క రాస్తున్నది.

ఫోటో ప్రింటు అందింది. ఫోన్లో చూస్తే నీ ఫోనులో ఒక రంగు, నా ఫోనులో ఒక రంగు. పోస్టులో పంపడమే మంచిదైంది. మన కాలువ, గట్టు, అవతలి వరిచేలు అన్నీ ఉన్నాయి. తెల్లవారుజాము మాత్రం లేదు.

చర్చి తలుపు తీయడానికి నేను రోజూ ఐదున్నరకి బయలుదేరతాను. ఆ వేళ నా తెల్ల చీర నీలంగా ఉంటుంది. నీ ఫోటోలో గట్టు మీద ఆరేసిన పంచె తెల్లగా మెరుస్తోంది. దాన్ని ఎందుకు ఉతికావమ్మా?

ఎగ్జిబిషన్‌ వాళ్ళు నీ ఫోటోలు రెండుసార్లు తిప్పి పంపారని దిగులు పడకు. వేళకి తిను.

నీ పెద్దక్క,
దేవకుమారి

---

రాజమండ్రి,
నవంబరు 20

ప్రియమైన పెద్దక్కకి,

నీ ఉత్తరం మా స్టూడియో ఓనరు సాల్మన్ గారికి చూపించాను. చదివి తల గోక్కున్నారు. "ఏమ్మా, మీ అక్కగారు ఎప్పుడైనా కెమెరా పట్టారా?" అన్నారు. "చర్చి తాళాలు తప్ప ఏమీ పట్టలేదండి" అన్నాను.

తప్పు దొరికిందక్కా. పదేళ్ళుగా చర్చి పెళ్ళిళ్ళు తీస్తున్నాను. ఏ లైటులోనైనా పెళ్ళికూతురి తెల్ల చీర తెల్లగానే రావాలి, లేకపోతే వాళ్ళమ్మ ఊరుకోదు. ఆ అలవాటుతో తెల్లవారుజామున కూడా వైట్ బ్యాలెన్స్ సరిచేసేస్తున్నాను. ఉన్న నీలమంతా నేనే తుడిచేశాను!

అందుకే మొన్న సాయంత్రం గోదావరి గట్టుకి వెళ్ళి, ఏమీ సరిచేయకుండా తీశాను. ప్రింటు ఇదిగో. నీళ్ళు, ఆకాశం, వంతెన అన్నీ బంగారమే. ఎలా ఉంది?

మూడోసారి కూడా తిప్పి పంపితే ఇక పెళ్ళిళ్ళే తీసుకుంటానని ఇంట్లో మాటిచ్చాను. ఆఖరు తేదీ డిసెంబరు పదిహేను.

నీ మాట కోసం చూస్తూ,
వినీల

---

నవంబరు 27

ప్రియమైన వినీలకి,

బంగారం ఎక్కువైంది. కాసేపటికి కళ్ళు పక్కకి తిరిగాయి.

అమ్మ ఉన్నప్పుడు చలికాలంలో కుంపటి చుట్టూ చేరేవాళ్ళం, గుర్తుందా? ఇల్లంతా చలి, కుంపటి ఒక్కటే ఎర్రన. అందుకే అందరం అటే చూసేవాళ్ళం. గదికో కుంపటి పెడితే ఎటు చూస్తాం?

నీలం ఉండనీ. అందులో వెచ్చనిది ఒక్కటి, చిన్నది వెతుక్కో.

నీ కోసం మోకరిస్తూ,
దేవకుమారి

---

రాజమండ్రి,
డిసెంబరు 6

ప్రియమైన పెద్దక్కకి,

కోప్పడకు. నీకు చెప్పకుండా మనూరు వచ్చి వెళ్ళాను. జీవరాజు మావయ్య డాబా మీద, కాలువ వంతెన కనపడేలా, రెండు తెల్లవారుజాములు నిలబడ్డాను. ఇంటికొస్తే నీ దిబ్బరొట్టె తిని పడుకుంటానని రాలేదు.

నీలం దొరికింది. మంచు, నీళ్ళు, కోతలైన చేలు, అంతా నువ్వన్న నీలమే. వెచ్చనిదే లేదు! వీధి దీపాలు తెల్లవి, టార్చిలైట్లు తెల్లవి, టీకొట్టులో కూడా తెల్ల బల్బే. పసుపు వెలుగు పట్టుకుని నడిచే మనిషి ఈ రోజుల్లో ఎక్కడుంటాడు?

నిన్ను నిలబడమందామా అంటే, కెమెరా కనబడగానే మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంటావు. నా పెళ్ళి ఆల్బమ్‌లో నువ్వు లేవు, నీ కొంగు ఉంది.

వచ్చే శుక్ర, శనివారాలు మళ్ళీ అదే డాబా మీద ఉంటాను. అవే ఆఖరు. ప్రార్థించు.

నీ
వినీల

---

రాజమండ్రి,
జనవరి 8

నా బంగారు పెద్దక్కకి,

తీసుకున్నారు! హాల్లోకి అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద నాదే ఉంది. అంతా నీలం. మంచులో వంతెన, దాని మీద ఎవరో ముసలావిడ, చేతిలో కిరసనాయిలు లాంతరు. నువ్వన్నట్టే తెల్ల చీర నీలంగా ఉంది, లాంతరు వైపు అంచు మాత్రం పసుపు. మొత్తం ఫోటోలో చిటికెనవేలి గోరంత వెచ్చదనం. జనం గుమ్మంలోంచే అటు నడిచి వస్తున్నారక్కా. సాల్మన్ గారు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ "మా స్టూడియో అమ్మాయేనండి" అని చెబుతున్నారు.

శుక్రవారం ఆవిడ గబగబా దాటేసింది, నాకు అందలేదు. శనివారం వంతెన మధ్యలో ఆగింది. ఎందుకాగిందో దేవుడికే తెలియాలి. మంచులో మొహం తెలియలేదు. ఆవిడెవరో కనుక్కో. ఒక ప్రింటు చేతిలో పెట్టి, ఆ చేతులు పట్టుకోవాలి.

ఆనందంతో,
వినీల

---

జనవరి 16

ప్రియమైన చెల్లికి,

దేవునికి స్తోత్రం. నీ ఉత్తరం చర్చిలో అందరికీ చదివి వినిపించాను. గర్వం తప్పు అని సండేస్కూలు పిల్లలకి చెప్పేది నేనే. ఆ పూటకి ముందే క్షమాపణ అడుక్కున్నాను.

ఆ ముసలావిడకి యాభై ఆరేళ్ళు. ప్రింటు మనింటికే పంపు.

అటక మీద నాన్న లాంతరు ఉంది. గాజు బుడ్డి బూడిదతో తోమాను. కిరసనాయిలు ఊళ్ళో ఎక్కడా లేదు, చివరికి మహాలక్ష్మమ్మ పిన్ని ఇంట్లో దొరికింది. "ఏమే దేవకుమారీ, మీ ఇంటికి గానీ కరెంటు తీసేశారేంటే?" అంది. సీసా నింపించుకుని వచ్చేశాను.

చర్చికి వెళ్ళడానికి వంతెనతో పని లేదు, నీకు తెలుసు. శుక్రవారం సిగ్గేసి పరిగెత్తాను. కొంగు దానంతటదే మొహం మీదికి వచ్చేసింది. శనివారం కొంగు నడుముకి దోపాను. వంతెన మధ్యలో ఆగి, నీ పేరు పెట్టి ప్రార్థించుకున్నాను. ఆమేన్ అన్నాకే కదిలాను.

చర్చి తలుపు పావుగంట ఆలస్యమైంది. పాస్టరు గారు చలిలో బయటే నిలబడి ఉన్నారు. "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నారు.

"బాగానే ఉందండి. మా చెల్లి పని మీద ఆగాను" అన్నాను.

నీ పెద్దక్క,
దేవకుమారి