గురువారం మిరకిల్

ఆగస్టు 4, సోమవారం

ఈ సెమిస్టర్‌లో సిస్టమ్స్ అనాలిసిస్ అండ్ డిజైన్ ఉంది. పేరు చూసి నిద్ర వస్తుందనుకున్నాను, రాలేదు. మాస్టారు వస్తూనే బోర్డు మీద ఒక గుండ్రం గీసి, లోపలికి ఒక బాణం, బయటికి ఒక బాణం వేశారు. ఏ పనైనా ఇంతేనట. ఏదో వస్తుంది, ఏదో పోతుంది. అన్నీ లోపలికి వచ్చి, ఏదీ బయటికి పోకపోతే ఆ గుండ్రం బ్లాక్ హోల్. ఏదీ రాకుండానే బయటికి పోతుంటే మిరకిల్. డయాగ్రమ్‌లో రెండూ తప్పులే. క్లాసు అయ్యేసరికి ఆయనకు బాణాల మాస్టారని పేరు పడిపోయింది. పెట్టింది నేనే.

ప్రాజెక్టు ఏమిటంటే, నడుస్తున్న ఆఫీసు ఒకటి పట్టుకుని, అక్కడ ఏది ఎక్కడికి పోతోందో ఉన్నదున్నట్టు గీయాలి. అందరూ బ్యాంకులనీ హోటళ్లనీ పరిగెత్తారు. నేను అక్క పనిచేసే జంతువుల క్లినిక్ అని రాసిచ్చాను. ఫ్రంట్ డెస్కులో కూర్చునేది తనే. నన్ను బయటికి గెంటడం తనకు చేతకాదు.

ఆగస్టు 6

క్లినిక్‌లో గోడవైపు బెంచీ పిల్లులది, తలుపు పక్క బెంచీ కుక్కలది. ఎక్కడా రాసి లేదు. వచ్చినవాళ్లు వాళ్లంతట వాళ్లే విడిపోయి కూర్చుంటారు. కుందేలుతో వచ్చిన పెద్దాయన మాత్రం ఎటువైపు చేరాలో తోచక చివరిదాకా నిలబడే ఉన్నాడు. ఒకావిడ చిలకను తెచ్చింది. వారం నుంచి నోరు మెదపడం లేదట. డాక్టరమ్మ దాని ముక్కు పట్టుకోగానే అది పచ్చి బూతు తిట్టింది. ఆవిడ సిగ్గుపడుతూ, సంతోషపడుతూ వెళ్లిపోయింది.

అక్కను ప్రశ్నలతో చంపేశాను. ఫోన్ వస్తే ముందు ఏం అడుగుతావు, మందులు అయిపోతున్నాయని ఎవరు చెబుతారు, ఆపరేషన్ గది ఎప్పుడు కడుగుతారు. కడగడం బుధవారం, అదిగో ఇప్పుడే కడుగుతున్నారు చూడు అంది. కాసేపటికి తనకు ఓపిక అయిపోయింది. అడిగేవాడికి చెప్పేవాడు లోకువని ఊరికే అన్నారా, ఇక ఇంటికి పోవే డిటెక్టివ్ అంది. పోగానే గ్యాస్ కట్టి ఉందో లేదో చూడమంది. అమ్మ పోయినప్పటి నుంచి మా ఇంటికి ఇదే సుప్రభాతం.

ఆగస్టు 7, గురువారం

దొరికింది. అపాయింట్‌మెంట్ల స్క్రీన్‌లో ప్రతి గురువారం మూడు నుంచి ఐదు దాకా మూసేసి ఉంది. పేషెంటు పేరు లేదు, కారణం లేదు. ఎవరూ అడగకుండానే రెండు గంటలు మాయమవుతున్నాయి. అచ్చమైన మిరకిల్.

అక్కను అడిగితే, గది కడగడానికి అంది. బుధవారమని నిన్న చెప్పింది తనే. అక్కకు అబద్ధాలు రావు. చెప్పేటప్పుడు స్టేప్లర్ తీసి అవతల పెడుతుంది, మళ్లీ ఇవతల పెడుతుంది.

ఆగస్టు 9

మిరకిల్ కనబడితే చప్పట్లు కొట్టకండి, మీరు ఎవర్నో అడగడం మరిచిపోయారన్నమాట, అన్నారు బాణాల మాస్టారు.

ఆగస్టు 14, గురువారం

మూడు గంటలకు క్లినిక్ ఎదురుగా ఉన్న తాళాల షాపులో నిలబడ్డాను. ఏం కావాలని తాళాలాయన అడిగితే, మా ఇంటి తాళం చెవి ఇచ్చి ఇంకోటి చేయమన్నాను. క్లినిక్ తలుపుకు మూసి ఉందన్న బోర్డు తిప్పారు. వెనక సందులోంచి ఎవరో పిల్లి బుట్ట పట్టుకుని లోపలికి వెళ్లారు. మరి మూయడం ఎందుకు?

ఐదింటికి డాక్టరమ్మ బయటికి వస్తే నేరుగా అడిగేశాను. ఆవిడ నవ్వి, మీ అక్కనే అడగమ్మా, నాదేముంది అంది. ఒకరు అబద్ధం చెప్పి, ఇంకొకరు తప్పించుకుంటున్నారంటే విషయం ఉందన్నమాటే. మనసు ఆగడం లేదు. ఇంటికి మాత్రం ఇప్పుడు రెండో తాళం చెవి ఉంది.

ఆగస్టు 17, ఆదివారం

ప్రాక్టీసు కోసం మా ఇంటి డయాగ్రమ్ గీశాను. మూడే గుండ్రాలు: నాన్న, అక్క, నేను. నాన్న ప్రింటింగ్ ప్రెస్‌లో మెషీన్ నడుపుతారు. ఆయన నుంచి జీతం, కూరగాయలు బయటికి వస్తాయి. షుగర్ మాత్రలు, టిఫిన్ బాక్సు లోపలికి పోతాయి. అక్క గుండ్రం బాణాలతో నల్లబడిపోయింది.

నా గుండ్రంలోకి ఉతికిన బట్టలు, టీ, బస్ పాసు, పొద్దున్నే లేపడం. బయటికి ఏమీ లేదు. మళ్లీ చూశాను. ఏమీ లేదు. నేను బ్లాక్ హోల్‌ని.

పరువు కాపాడుకుందామని బయటికి ఒక బాణం వేసి సలహాలు అని రాశాను. అక్క వెనక నుంచి చూసి, అవి అవుట్‌పుట్ కాదే, చప్పుడు అంది.

ఆగస్టు 21, గురువారం

ఇవాళ వెనక సందులోంచి లోపలికి వెళ్లిపోయాను.

ఆపరేషన్ గదిలో అక్క ఆకుపచ్చ గౌనులో ఉంది. బల్ల మీద మత్తులో పిల్లి. దాని ముందు కాలి మీద వెంట్రుకలు గొరిగి, అక్క సెలైన్ సూది ఎక్కిస్తోంది. డాక్టరమ్మ చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడింది, ముట్టుకోవడం లేదు. అక్క నన్ను చూసింది, చూపు తిప్పేసుకుంది. సూది సరిగ్గా కూర్చున్నాక టేపు వేసింది. అక్క మొహం అలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

చేతులు కడుక్కుంటూ చెప్పింది. ఆరు నెలలుగా గురువారాలు డాక్టరమ్మ నేర్పిస్తోంది. జంతువుల నర్సింగ్‌కు రెండేళ్ల కోర్సు ఉంది, వేరే ఊళ్లో, హాస్టల్‌లో ఉండి చదవాలి. సీటు వచ్చింది. ఈ నెలాఖరులోగా వస్తానో రానో చెప్పాలి. రానని చెప్పేస్తుందట. నాన్న మాత్రలు ఎవరు చూస్తారు, నువ్వు గ్యాస్ కట్టడం కూడా మరిచిపోతావు అంది. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది.

నిజం రాస్తాను. నాకు ముందు వచ్చింది సంతోషం కాదు, భయం. అక్క వెళ్లిపోతే నన్ను పొద్దున్నే ఎవరు లేపుతారని. ఆ తర్వాత నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆగస్టు 22

ఎవరికీ చెప్పలేదు. డైరీ లెక్కలోకి రాదు.

ఆగస్టు 25

క్లాసులో అడిగాను. సిస్టమ్ మొత్తం ఒక్క గుండ్రం మీదే నడుస్తుంటే ఏం చేయాలి సార్ అని. విడగొట్టాలి, చిన్న చిన్న పనులుగా చేసి పంచాలి అన్నారు. పాతది ఆపకుండానే పక్కన కొత్తదాన్ని నడిపి చూడాలట. దాన్ని పారలల్ రన్ అంటారు. మీది క్లినిక్ కదా, అంత కష్టమేముంది అక్కడ అని అడిగారు. క్లినిక్ కాదు సార్ అని నాలుక కరుచుకున్నాను.

ఆగస్టు 26

పారలల్ రన్ మొదలుపెట్టాను. పొద్దున పాలు పొంగించాను. నాన్న చొక్కా ఇస్త్రీ చేస్తే కొత్త మడతలు వచ్చాయి. మాత్రలు ఇవ్వబోతే అవి రాత్రివి అని నాన్నే ఆపారు. పరీక్ష తప్పావా, లేక ఇకమీదట తప్పబోతున్నావా అని అనుమానంగా అడిగారు. అక్క నన్ను కళ్లతోనే కాల్చేసింది.

ఆగస్టు 28, గురువారం

నా నోట్లో నువ్వు గింజ నానదు. ఇది నాకూ తెలుసు, ఒట్టు వేయించుకున్న అక్కకూ తెలుసు.

అక్క క్లినిక్‌లో ఉన్నప్పుడు ఇంటి డయాగ్రమ్ నాన్న ముందు పెట్టాను. ఆయన ప్రూఫు చూసినట్టు కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశారు. అక్క గుండ్రం మీద వేలు పెట్టి, ఇక్కడ సిరా ఎక్కువైంది అన్నారు. అంతా చెప్పేశాను.

నాన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టారు. తర్వాత, గురువారాలు మీ అక్క వేరే సబ్బు వాసనతో వస్తుంటే ఎవరో అబ్బాయి అనుకున్నాను అన్నారు. అడగలేక, ఆ అబ్బాయి వస్తే ఏం మాట్లాడాలో కూడా తయారుచేసుకున్నారట. సూది వేసింది పిల్లి కాలికా అని అడిగారు. ముందు కాలికి అన్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూనే ఉన్నారు.

అక్క వచ్చాక పెద్ద గొడవ. నా బతుకు గీయమని నిన్నెవరు అడిగారు అంది. నాన్న మధ్యలోకి వచ్చి, మేం ఇద్దరం మనుషులమే కదా, పిల్లులం కాదు, ఒక్కసారి మమ్మల్ని వదిలి చూడు అన్నారు. అక్క చివరికి ఒక షరతు పెట్టింది. మూడు రోజులు తను దేన్నీ ముట్టుకోదు. ఇల్లు నిలబడితే వెళ్తుంది.

ఆగస్టు 29

బట్టలు నేనే ఉతికాను. అన్నీ గులాబీ రంగు.

ఆగస్టు 30

నాన్న గులాబీ చొక్కా వేసుకుని ప్రెస్‌కు వెళ్లారు. కలర్ టెస్టింగ్ అని చెప్పారట. అక్క వంటింటి గుమ్మంలో చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడింది, మాడుతున్న కూర వాసన ముక్కుకు తగులుతున్నా కదల్లేదు. నాకంటే తనకే కష్టంగా ఉంది. మాత్రలు మాత్రం సరిగ్గా ఇచ్చాను. పొద్దుటివి పసుపు డబ్బాలో, రాత్రివి నీలం డబ్బాలో.

ఆగస్టు 31

ఇల్లు నిలబడింది, కాస్త వంకరగా.

అక్క పొద్దుటి నుంచి కంప్యూటర్ ముందు కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుంది. సాయంత్రానికి, కోర్సుకు వస్తున్నానని జవాబు పంపేసింది. తర్వాత బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. తలుపు ఇవతల నేను కూడా.

సెప్టెంబరు 11, గురువారం

ప్రెజెంటేషన్. గురువారం మూడింటి గుండ్రంలో శిక్షణ అని రాశాను. లోపలికి వచ్చే బాణం మీద అక్క కోరిక అని రాశాను. కోరిక డేటా ఎలా అవుతుందమ్మా అన్నారు మాస్టారు. అక్కడికి వస్తున్నది అదొక్కటే సార్ అన్నాను. ఆయన ఎర్ర పెన్ను మూత తీశారు, కొంచెం ఆలోచించి మళ్లీ పెట్టేశారు.

సెప్టెంబరు 14

పొద్దున అక్కను బస్సు ఎక్కించాం. నాన్న గులాబీ చొక్కానే వేసుకొచ్చారు.

ఇంటి డయాగ్రమ్ మళ్లీ గీశాను. రూల్ ప్రకారం సిస్టమ్ బయట ఉన్నవాళ్లకు గుండ్రం కాదు, చతురస్రం. అక్కను కాగితం అంచున చతురస్రంలో పెట్టాను. అక్కడి నుంచి ఒక బాణం: గ్యాస్ కట్టావా? మా నుంచి ఒక బాణం: కట్టాను.

రాశాక లేచి వెళ్లి చూశాను.